నిజాం రైలు స్టేషన్లు: గోడలలో మిగిలిన చరిత్ర

పాత రైలు స్టేషన్లలో ప్లాటుఫారం కప్పును మోసే స్తంభాలను దగ్గరగా చూచినవారికి ఒక వింత కనిపిస్తుంది. వాటిలో కొన్ని స్తంభాలుగా పుట్టినవి కావు; రైలు పట్టాలు. దారిలో కొంతకాలం పనిచేసి, అరిగి, తీసివేయబడిన పట్టాలను నిలువుగా పాతి వాటిమీద రేకుల కప్పు వేశారు. ఏండ్ల తరబడి పూసిన రంగు పొరలు పొరలుగా పేరుకొని ఉన్నా, పట్టా నడుము మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు చేతికి తగులుతాయి. ఎర్రగా కాలిన ఉక్కును మిల్లులో సాగదీసేటప్పుడే కర్మాగారం పేరు, పట్టా రకం, తయారైన సంవత్సరం దానిమీద అచ్చుపడేటట్లు చేయటం ఉక్కు కర్మాగారాల ఆచారం.

ఆ సంవత్సరం 1886 అని ఉన్నదనుకుందాం. అంతమాత్రాన ఆ కప్పు 1886 నాటిదని చెప్పవచ్చునా? చెప్పరాదు. పట్టా ముందుగా దారిలో పనిచేసింది గదా! అది అరగటానికి ఎన్నో ఏండ్లు పట్టి ఉంటుంది. ఐతే స్తంభాన్ని తరువాత మార్చలేదని తేలితే, కప్పు 1886కు ముందుది కాదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ దారిలో పట్టాలు ఎప్పుడు మార్చారో ఇంజనీరింగు దస్తావేజులలో దొరికితే హద్దు ఇంకా దగ్గరపడుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాతిపొరలోని శిలాజాన్ని చూచి పొర వయస్సును లెక్కకట్టినట్లే, చరిత్రకారుడు ఈ ఇనుప ముక్కను చూచి కట్టడం వయస్సుకు ఒక గీత గీయగలడు. స్టేషనును కూల్చేటప్పుడు ఈ స్తంభం పాత ఇనుము కింద తూకానికి పోతుంది. దాని మీది అక్షరాలను ముందుగా ఎవరైనా రాసి పెట్టుకుంటే తప్ప ఆ సాక్ష్యం మళ్ళీ దొరకదు.

హైదరాబాదు రాజ్యంలో పుట్టిన రైలుమార్గాల విషయంలో ఈ మాట ఇప్పుడు మరీ అవసరమైంది. 1874 అక్టోబరులో వాడి నుండి సికిందరాబాదుకు మొదటి బండి నడిచింది. 2024 నాటికి ఆ మార్గానికి నూట యాభై ఏండ్లు నిండాయి. ఆ తరువాత కొద్ది నెలలకే, 2025 ఫిబ్రవరిలో, సికిందరాబాదు స్టేషను పాత భవనం ముఖభాగాన్ని కూల్చివేశారు. సుమారు 700 కోట్ల రూపాయల అంచనాతో అక్కడ కొత్త స్టేషను నిర్మాణం తలపెట్టారు. కమానులతో కోటవలె ఉండే ఆ ముఖద్వారం నగరవాసులందరికీ పరిచయమైనదే కాబట్టి దాని ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి. కాని స్టేషను అంటే ముఖద్వారం ఒక్కటే కాదు.

ఈ మార్గం పుట్టిన తీరు

బొంబాయి నుండి రాయచూరు మీదుగా మద్రాసుకు పోయే ప్రధాన మార్గం 1871లో పూర్తి అయింది. అది హైదరాబాదు నగరానికి చాలా దూరం నుండి పోయింది. ఆ మార్గం మీది వాడి నుండి సికిందరాబాదుకు సుమారు 190 కిలోమీటర్ల మేర దారి వేయటానికి 1870లో నిజాం ప్రభుత్వానికి, బ్రిటిషు ఇండియా ప్రభుత్వానికి ఒడంబడిక జరిగింది. అప్పుడు దివానుగా ఉన్నవాడు మొదటి సాలార్‌జంగు. ఖర్చు నిజాం రాజ్యానిది. మార్గం మాత్రం పాత నగరపు ద్వారాల దగ్గరకు కాక, బ్రిటిషు దండు విడిసిన సికిందరాబాదుకు పోయి ఆగింది. ఎవరి అవసరం ఎక్కువ లెక్కకు వచ్చిందో పటం చూస్తేనే తెలుస్తుంది.

తరువాతి విస్తరణకు డబ్బు లండనులో సేకరించాలని నిశ్చయించారు. వాటాదారులకు నిర్ణీతమైన వడ్డీ వచ్చేటట్లు నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. కంపెనీ పేరులోని 'గ్యారంటీడ్' అనే మాటకు అర్థం ఇదే. చాందా రైలు పథకం అని పేరుపడిన ఈ ఏర్పాటు వివరాలను ప్రజల ముందు పెట్టి చర్చించాలని 1883లో హైదరాబాదులో కొందరు విద్యావంతులు ఆందోళన చేశారు. వారిలో ముఖ్యుడు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ. ఆయన రసాయన శాస్త్ర పండితుడు. ఈ ఆందోళన కారణంగా ఆయనను రాజ్యం నుండి పంపివేశారు. రైలు కోసం ఊరు విడువవలసివచ్చిన శాస్త్రజ్ఞుడు బహుశః ఇంకొకడు ఉండడు!

మార్గం 1886లో ఓరుగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. నడుమ డోర్నకల్లు నుండి సింగరేణి బొగ్గు గనులకు శాఖ ఏర్పడింది. మన్మాడు వైపు మీటరుగేజి దారి 1899 - 1901 మధ్య పూర్తి అయింది. కాజీపేట నుండి బల్హార్షాకు 1929లో దారి పడటంతో ఢిల్లీ - మద్రాసుల మధ్య అడ్డదారి ఏర్పడింది. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం మార్గాలన్నిటిని కంపెనీ నుండి తన వశం చేసుకొన్నది. 1951లో ఇవి మధ్య రైల్వేలో కలిశాయి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడగా చాలా భాగం అందులోకి వచ్చాయి.

యజమానులు ఇన్నిసార్లు మారటం వల్ల కాగితాలు చెదరిపోయాయి. నిజాం ప్రభుత్వపు దస్తావేజులు మొదట ఫారసీలో, తరువాత ఉర్దూలో నడిచాయి. అవి హైదరాబాదులోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ఇంగ్లీషు ఉత్తరప్రత్యుత్తరాలలో కొంత భాగం లండనులోని బ్రిటిషు లైబ్రరీలో ఇండియా ఆఫీసు కాగితాలలో చేరింది. మార్గంలో వాడి వైపు కొన్ని స్టేషన్లు నేడు కర్ణాటకలోను, తాండూరు నుండి ఇవతలివి తెలంగాణాలోను ఉన్నాయి. ఒక్క స్టేషను చరిత్ర రాయదలచినవాడు మూడు భాషలు, రెండు దేశాలు తిరగవలసి ఉంటుంది. అందువల్లనే కట్టడం స్వయంగా చెప్పే సాక్ష్యానికి విలువ పెరిగింది.

స్టేషనును చదవటం

స్టేషను ఒక యంత్రంలో భాగం. యంత్రం మారితే ఆ భాగం ఎందుకున్నదో తెలియకుండా పోతుంది. దీనికి నీటి తొట్టి మంచి ఉదాహరణ. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎంత అవసరమో నీరు అంతకంటె ఎక్కువ అవసరం. వేల గ్యాలన్ల నీరు వెంట తీసుకొనిపోయినా దారిలో మళ్ళీ మళ్ళీ నింపుకోక తప్పదు. అందుచేత కొన్ని స్టేషన్లకొకటి చొప్పున ఎత్తయిన రాతి దిమ్మె మీద ఇనుప తొట్టి, ప్లాటుఫారం చివర నీటి గొట్టం, దగ్గరలో బావియో చెరువో ఉండేవి. చిన్న ఊరిలో పెద్ద స్టేషను ఎందుకు కట్టారు అని ఆశ్చర్యపడేవారు ముందుగా నీరు ఎక్కడ ఉన్నదో చూడాలి. వేసవిలో ఎండిపోని బావి దక్కనులో మామూలు సంగతి కాదు. ఇంజను ఆగిన చోట సిబ్బంది ఇండ్లు, వారి కోసం అంగడి, దానితో ఊరు పెరిగాయి. ఆవిరి ఇంజన్లు పోయిన తరువాత దిమ్మె ఒక్కటే మిగిలితే, అది పాడుబడిన బురుజేమో అనుకొనేవారు కూడ ఉంటారు.

స్టేషను మాస్టరు గదిలో ఉండే టోకెను యంత్రం కూడ ఇట్టిదే. ఒకే దారి ఉన్న మార్గంలో ఎదురెదురుగా రెండు బండ్లు రాకూడదు. ఇందుకు పక్కపక్క స్టేషన్లలో రెండు యంత్రాలను తీగతో కలిపారు. అవతలి స్టేషను మాస్టరు సమ్మతి ఇచ్చినప్పుడే ఇవతలి యంత్రం నుండి ఒక ఉక్కు బంతి బయటకు వస్తుంది. దానిని తోలుసంచిలో పెట్టి డ్రైవరుకు ఇస్తారు. ఆ బంతి మళ్ళీ ఏదో ఒక యంత్రంలో పడేవరకు రెండవ బంతి రెండు చోట్లా బయటకు రాదు. ఎంత నిద్రమత్తులో ఉన్నవాడైనా పొరపాటు చేయటానికి వీలులేని ఏర్పాటు ఇది. యంత్రాన్ని రైలు మ్యూజియంలో పెట్టవచ్చు. కాని గదిలో అది ఏ గోడకు ఆనుకొని ఉండేదో, డ్రైవరు చేతికి సంచి అందించటానికి మనిషి ఎక్కడ నిలుచుండేవాడో, రాత్రిపూట దీపం ఎక్కడ పెట్టేవారో మ్యూజియంలో తెలియదు. ఆ గదిలోనే తెలుస్తుంది.

గడియారం సంగతి మరింత విచిత్రం. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి రాకముందు దేశంలోని రైళ్ళు చాలాకాలం మద్రాసు కాలాన్ని అనుసరించి నడిచేవి. మద్రాసు రేఖాంశం 80 డిగ్రీల 15 నిమిషాలు. హైదరాబాదు రేఖాంశం సుమారు 78 డిగ్రీల 30 నిమిషాలు. తేడా ఒకటి ముప్పావు డిగ్రీ. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి మద్రాసు గడియారం హైదరాబాదు సూర్యునికంటె 7 నిమిషాలు ముందుండేది. ఊరి గడియారం చూచుకొని తాపీగా వచ్చినవానికి బండి తోక కనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. నేటి ప్రామాణిక కాలంతో ఐతే ఈ తేడా 16 నిమిషాలు. ఐనా ఎవరికీ తెలియటంలేదు, ఎందుకంటే ఊరు కూడ ఇప్పుడు రైలు గడియారాన్నే పెట్టుకొన్నది.

గదుల అమరికలో సమాజమే కనిపిస్తుంది. పై తరగతుల ప్రయాణికులకు వేరు గదులు, స్త్రీలకు మరుగుగా వేరు గది, మూడవ తరగతివారికి బయటి పంచ. 1974లో మూడవ తరగతిని రద్దు చేశారు. కాని గోడలు తరగతులను అంత త్వరగా మరచిపోవు. ఏ గదికి ఎత్తయిన కప్పు, గాలి కిటికీలు ఉన్నాయో, దేనికి లేవో కొలిచి చూస్తే టిక్కెట్టు ధర తెలియకపోయినా ప్రయాణికుని స్థాయి తెలుస్తుంది.

కాచిగూడా, మీటరుగేజి

ఈ ప్రాంతపు స్టేషన్లలో అందరి కంటికి ఆనేది కాచిగూడా. 1916లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టబడింది. మధ్య గుమ్మటం, పక్కల మినార్లు ఉన్న ఈ భవనానికి రూపకల్పన చేసినవాడు విన్సెంట్ ఎష్. హైదరాబాదు హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు కూడ ఆయన పనులే. భవనం నేటికీ వాడుకలో ఉన్నది. అక్కడ రైలు మ్యూజియం కూడ ఉన్నది.

భవనం నిలిచింది. కాని అది ఏ దారికోసం పుట్టిందో ఆ దారి లేదు. కాచిగూడా మీటరుగేజి స్టేషను. పట్టాల మధ్య వెడల్పు బ్రాడుగేజిలో 1676 మిల్లీమీటర్లు, మీటరుగేజిలో 1000. ఒక గేజి పెట్టె రెండవ గేజి మీద నడవదు. రెండు గేజీలు కలిసిన సికిందరాబాదువంటి చోట్ల సరుకును ఒక పెట్టెలో నుండి మరొక పెట్టెలోకి మనుషులు మోసి మార్చవలసివచ్చేది. ఆ మార్పిడికోసం నడుమ ఒక ప్లాటుఫారం, రెండు పక్కల రెండు గేజీల దారులు ఉండేవి. 1992లో ఏకగేజి పథకం ప్రారంభమైన తరువాత కొన్ని సంవత్సరాలలో ఇక్కడి మీటరుగేజి దారులు బ్రాడుగేజిగా మారాయి. ప్రయాణికులకు, సరుకులకు కలిగిన సౌకర్యం చాలా గొప్పది. దానిని కాదనేవారు ఉండరు. కాని ఆ పనిలో దారి పక్క చిన్న స్టేషన్లు చడీచప్పుడు లేకుండా పోయాయి. కొన్నింటి పక్కన కొత్తవి లేచాయి. మిగిలినవాటిలో ప్లాటుఫారం ఎత్తు పెంచినచోట పాత గుమ్మం మెట్లు మట్టిలోకి పోయి, తలుపులు పొట్టివిగా కనిపిస్తున్నాయి. కాచిగూడా గుమ్మటానికి ఉన్న అభిమానులు వీటికి లేరు.

కొలిచి పెట్టుకోవటం

ఈ తెలివి ఇతర దేశాలలో కూడ నష్టం జరిగిన తరువాతనే వచ్చింది. లండనులో యూస్టను స్టేషను ముందు 1837లో కట్టిన మహాద్వారాన్ని 1961 - 62లో కూల్చి, దాని రాళ్ళలో చాలావాటిని ఒక కాలువ అడుగున గుంత పూడ్చటానికి వాడారు. న్యూయార్కులో 1910లో తెరచిన పెన్సిల్వేనియా స్టేషనును 1963లో కూల్చటం మొదలుపెట్టారు. దానివల్ల కలిగిన అలజడి ఫలితంగానే 1965లో ఆ నగరంలో చారిత్రక కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం ఆధారంగా గ్రాండు సెంట్రలు స్టేషను మిగిలింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు కూడ చట్టాన్ని సమర్థించింది.

అమెరికాలో నేర్చుకోదగిన సంగతి మరొకటి ఉన్నది. అక్కడ 1933 నుండి చారిత్రక భవనాలను, 1969 నుండి వంతెనలు, కర్మాగారాలు, రైలు కట్టడాలవంటి ఇంజనీరింగు నిర్మాణాలను ప్రభుత్వం కొలిపించి, పటాలు గీయించి, ఫొటోలు తీయించి జాతీయ గ్రంథాలయంలో దాచుతున్నది. కట్టడం నిలుస్తుందా పోతుందా అన్నది వేరే ప్రశ్న; కొలత మాత్రం ముందు జరగాలి అన్నది వారి పద్ధతి. మన దేశంలో 1856 నాటి రాయపురం స్టేషను భవనం మిగిలి ఉన్నది. బొంబాయిలోని విక్టోరియా టెర్మినసు, నేటి ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినసు, 2004లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. ఇట్టి మహా కట్టడాలకు రక్షకులు దొరుకుతారు. మూడు గదులు, ఒక పంచ ఉన్న స్టేషనుకు కొలతబద్ద పట్టుకొన్నవాడే రక్షకుడు.

కొలవటం కష్టమైన విద్య కాదు. ఉన్నత పాఠశాలలో చెప్పే రేఖాగణితం చాలు. ఒక గది ఎదురెదురు గోడలు 16 అడుగులు, 12 అడుగులు ఉన్నాయనుకుందాం. అది దీర్ఘచతురస్రమని వెంటనే రాసివేయటం పొరపాటు. మూలనుండి మూలకు కొలవాలి. మూలలు సమకోణాలైతే కర్ణం సరిగా 20 అడుగులు రావాలి. 19 అడుగుల 8 అంగుళాలే వస్తే ఆ కర్ణానికి ఎదుటి మూల సుమారు 88 డిగ్రీలన్నమాట. రెండు డిగ్రీల వంకర ఊరికే రాదు: గదిని తరువాత చేర్చి ఉండవచ్చు, పట్టాల వంపును అనుసరించి ప్లాటుఫారం వైపు గోడను తిప్పి ఉండవచ్చు. గోడ మందాన్ని గుమ్మం దగ్గర కొలుస్తారు. బయటి కొలతలోనుండి లోపలి గదుల కొలతలు, గోడల మందాలు తీసివేస్తే ఏమీ మిగలకూడదు. ఏమైనా మిగిలితే, కొలత తప్పు. లేదా లోపల మూసివేసిన ఖాళీ ఉన్నది. ఈ రెండవది జరిగినప్పుడు కలిగే సంతోషం కొలిచినవానికే తెలుసు.

ఫొటో తీసేటప్పుడు గోడకు ఎదురుగా, అడ్డం లేకుండా నిలిచి, గుర్తులు పెట్టిన ఒక కర్రను గోడకు ఆనించి తీయాలి. అప్పుడు చిత్రంలోనుండే కొలత తీసుకోవచ్చు. నేడు అనేక కోణాలలో తీసిన ఫొటోలను కంప్యూటరు చేత పోల్చించి భవనం త్రిపరిమాణ రూపం రాబట్టే పద్ధతి ఉన్నది. లేసరు కిరణాలతో క్షణానికి వేలకొద్దీ బిందువుల దూరం కొలిచే యంత్రాలూ ఉన్నాయి. ఇవి పెద్ద భవనాలకు ఎంతో ఉపయోగం. ఐనా, ఇవి పైకి కనిపించే తలాన్ని మాత్రమే చూస్తాయి. రంగు పొరల కింద అక్షరాలున్నాయని చేయి పెట్టి చూచినవాడే చెప్పాలి. పైగా కంప్యూటరు ఫైళ్ళను కొత్త యంత్రాలు చదవలేని రోజు రావచ్చు. మంచి కాగితం మీద సిరాతో గీచిన పటం నూరేండ్లైనా ఉంటుంది. రెండూ ఉండటం మంచిది. కొలవటానికి రైల్వే అధికారుల అనుమతి ముందుగా తీసుకోవాలి, పట్టాల మీదికి దిగరాదు అనేవి వేరే చెప్పనక్కరలేదు.

ఉన్నదానిని నిలపటం

అన్ని పాత స్టేషన్లనూ అట్లే ఉంచాలనటం సులభం. కాని న్యాయం కాదు. ఇరవై నాలుగు పెట్టెల బండికి పొడుగాటి ప్లాటుఫారం కావాలి. 25 వేల వోల్టుల తీగ వెళ్ళేచోట పాత కప్పు అంచు అంత దగ్గరగా ఉండరాదు. జనం తొక్కిడి లేకుండా పోవటానికి వెడల్పు దారులు కావాలి. కాబట్టి కొన్ని పోతాయి. పోనవసరం లేనివి మాత్రం అజ్ఞానం వల్ల పోరాదు.

ముఖ్యమైన అజ్ఞానం సిమెంటు. పాత గోడలు సున్నపు కట్టు. కాల్చిన సున్నపురాయి నీరు పోస్తే వెల్లసున్నమై, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మళ్ళీ రాయి అవుతుంది. ఈ రాయిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. పునాది నుండి గోడలోకి ఎక్కిన చెమ్మ ఆ రంధ్రాల గుండా బయటకు పోతుంది. గోడ పెచ్చులూడుతున్నదని పైన గట్టి సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. నీటితో వచ్చిన లవణాలు సిమెంటు వెనుక ఇటుకలోనే స్ఫటికాలుగా పేరుకొని దానిని పిండి చేస్తాయి. బయటికి గోడ కొత్తగా మెరుస్తూ ఉంటుంది. లోపల ఇటుక రాలిపోతూ ఉంటుంది. కొన్నాళ్ళకు పూత పెద్ద పలకగా ఊడిపడుతుంది. అప్పుడు భవనం శిథిలమైందని నివేదిక రాస్తారు. శిథిలం చేసింది మరమ్మతే!

కట్టడాన్ని కొలిచేవారు మనుషులను కూడ అడగాలి. ఆవిరి ఇంజన్ల మీద, మీటరుగేజి దారుల మీద పనిచేసినవారు నేడు వృద్ధులు. పాత స్టేషన్ల ఆవరణలో ప్రధాన భవనానికి దూరంగా, కిటికీలు లేని ఒక చిన్న ఇటుక గది కనిపిస్తుంది. చాలాచోట్ల అందులో ఇప్పుడు విరిగిన బెంచీలు, చీపుళ్ళు ఉంటాయి. ఆ గదిని అడిగితే పాత పాయింట్సుమన్ చెప్పగలడు: అది దీపాల గది. సిగ్నళ్ళలో పెట్టే కిరసనాయిలు దీపాలను సాయంత్రం అక్కడ తుడిచి, నూనె పోసి, వత్తులు కత్తిరించి, నిచ్చెనలెక్కి పెట్టివచ్చేవారు. నిప్పు భయం చేత గదిని దూరంగా కట్టారు. లోపలి గోడ మీద మసి ఎంత ఎత్తువరకు ఉన్నదో, దీపాలు పెట్టే అరలు ఎన్నో లెక్కపెడితే, ఆ స్టేషనుకు ఒకప్పుడు ఎన్ని సిగ్నళ్ళు ఉండేవో కూడ అంచనా కట్టవచ్చు.